పదకొండు నువ్వుల ముద్దలు

జగిత్యాల,
సెప్టెంబర్ 20.

అక్కా,

ఫోన్ చేయడం లేదని అలగకు. శిబిరం మొదలైన రోజే జనార్దన్ సార్ మా అందరి ఫోన్లు గుంజుకొని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆదివారం పది నిమిషాలు ఇస్తాడు, అవి అమ్మకే సరిపోవు. నేను చిన్నప్పుడు స్పోర్ట్స్ హాస్టల్లో ఉండగా మనం ఉత్తరాలు రాసుకునేవాళ్లం కదా, మళ్లీ అట్లాగే రాసుకుందాం. ఇక్కడి నుంచి కోరుట్ల నాకు రెండు గంటల నడక. పోస్టుకు మాత్రం నాలుగు రోజులు.

రోజూ తెల్లారకముందే ధర్మపురి రోడ్డు మీద నడుస్తున్నాము. పాలు పోసే ముసలాయన ఒకరు సైకిల్ ఆపి మరీ అడిగాడు, "ఏంది బిడ్డా, గట్ల నడుము తిప్పుకుంట పోతున్నవ్? తొందరుంటె ఉరుకరాదు?" అని. ఉరకొద్దు తాతా, అదే మా ఆట అన్నాను. ఒక పాదం ఎప్పుడూ నేల మీద ఉండాలి, ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగొద్దు. తప్పితే జడ్జి ముందు పసుపు పలక చూపిస్తాడు, చూసుకో అని. అయినా దిద్దుకోకపోతే ఎర్ర కార్డు రాస్తాడు. నాలుగు ఎర్ర కార్డులు పడితే ఇంటికే. ఇదంతా చెబితే ఆయన, "ఉరికెటోళ్లకు లేని బాధలు నడిచెటోళ్లకు పెట్టిన్రా!" అని నవ్వుకుంటూ పోయాడు.

నవంబర్‌లో భోపాల్‌లో జాతీయ పోటీలు. ఇరవై కిలోమీటర్లు. రెండుసార్లు గెలిచాను, పోయినేడు మూడో స్థానానికి పడిపోయాను. ఈసారి గెలిచినవాళ్లు ఆసియా పోటీల జట్టులోకి పోతారు. రైల్వే ఉద్యోగం కూడా దాని మీదే ఆగి ఉంది. అది వస్తే బాపును సాంచాల దగ్గర నుంచి ఇంటికి తీసుకొచ్చి కూర్చోబెడతాను. ఆ మరమగ్గాల చప్పుడులో ముప్పై ఏళ్లు నిలబడి ఆయనకు చెవులు సగం పోయాయి. నాకు ఇరవై ఆరు నిండాయి, ఇది పోతే మళ్లీ ఇంత దగ్గరికి వస్తానో రానో తెలియదు.

ఒక్కటే బాధ, ఎడమ కాలి ముందు ఎముక. పది కిలోమీటర్లు దాటితే సుత్తితో కొట్టినట్లుంటుంది. బరువు కూడా నలభై మూడుకు దిగింది. గోలీ వేసుకో అనకు. సార్ జేబులో నిషేధించిన మందుల చీటీ ఉంటుంది, నేను జ్వరం వచ్చినా ఏదీ మింగను. దగ్గు మందు తాగి రెండేళ్లు ఇంట్లో కూర్చున్న పిల్లను కళ్లారా చూశాను.

బతుకమ్మకు నువ్వుల ముద్దలు చేస్తావు కదా, నాకు పంపు. నా గదిలో ఉండే రుద్రంగి శ్వేతకు నీ ముద్దల గురించి చెప్పి చెప్పి నోరూరిస్తున్నాను.

నీ చెల్లె,
వందన


కోరుట్ల,
అక్టోబర్ 4.

వందనా,

నడిచి నడిచి పేరు తెచ్చుకున్నదానివి, పోయిన ఆదివారం ఫోన్‌లో ముఖం చూపిస్తే గుండె జారిపోయిందే. కట్టెకు చీర చుట్టినట్లున్నావు. పక్కన కూర్చొని చూసిన మా అత్త సాయవ్వ, "గాలస్తె కొట్టుకపోతది గా పిల్ల. తిండి పెడుతలేరా?" అని నన్ను తిట్టింది, నేనే నిన్ను పస్తులు ఉంచినట్లు.

అత్త సంగతి నీకు తెలుసు. ఎండాకాలంలో పచ్చకామెర్లు వచ్చి ఎముకల గూడు అయింది. మా గల్లీ ఆరెంపీ డాక్టర్ భూమన్న దగ్గర చూపించాక మూడు నెలల్లో మళ్లీ మనిషైంది. ఇప్పుడు జాకెట్లు పట్టడం లేదు. ఆయన హస్తవాసి అట్లాంటిది. నిన్నూ ఒకసారి చూపిద్దామంటే గోలీ పేరెత్తితే పామును చూసినట్లు చేస్తావు. సరే, నేనేమీ అననులే.

ముద్దలు బస్సు పార్సిల్లో వేస్తున్నాను. నువ్వులు నేనే కడిగి ఎండబోసి వేయించాను. బీడీల చాట పక్కన పెట్టి రెండు రోజులు ఇదే పని. పొద్దున ఒకటి, మాపున ఒకటి తిను. అంతకంటే ఎక్కువ తినకు, వేడి చేస్తుంది. శ్వేతకు పెట్టకు, ఎవరికీ పెట్టకు. అన్నీ నీకోసమే లెక్కపెట్టి చేశాను. ఒక్క పూట కూడా మానకు, నా మీద ఒట్టు.

మీ బావ మస్కట్ నుంచి నిన్ను అడిగినట్లు చెప్పమన్నాడు. గెలిచి రా. ఓడినా రా, కానీ కొంచెం ఒళ్లు చేసి రా.

అక్క,
సంగీత


జగిత్యాల,
నవంబర్ 16.

అక్కా, అక్కా, అక్కా!

గెలిచాను! గంటా ఇరవై తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. నా జన్మలో ఇంత వేగంగా నడవలేదు. పద్నాలుగో కిలోమీటరుకే బోర్డు మీద నా పేరు పక్కన రెండు ఎర్ర కార్డులు కనబడ్డాయి. ఇంకొకటి పడితే పక్కకు నిలబెట్టి రెండు నిమిషాలు ఆపుతారు. అప్పటి నుంచి మోకాలి మీదనే ప్రాణం పెట్టి నడిచాను. శ్వేత నా వెనకే వచ్చింది, ముప్పై సెకన్ల తేడాతో రెండో స్థానం. ఇద్దరం గీత దాటి అక్కడే రోడ్డు మీద పడి ఒకరినొకరం పట్టుకొని ఏడ్చాము.

ఆ కాలి నొప్పి ఏమైపోయిందో తెలియదు! బరువు నలభై ఆరు. సార్ అడిగాడు, "ఏం తింటున్నవ్ బిడ్డా, గిట్ల తయారైనవ్?" అని. మా అక్క ముద్దలు సార్ అన్నాను. బయటి తిండి వద్దని ఆయన ఎప్పుడూ అంటాడు కానీ ఆ రోజు నవ్వి ఊరుకున్నాడు. పోటీ పొద్దున కూడా ఒకటి తిన్నాను. పాపం శ్వేత నోరు తెరిచి ఒక్కటి అడిగినా పెట్టలేదు, నువ్వు ఒట్టు పెట్టావని. నన్ను పిసినారిని చేశావు.

పోటీ అయ్యాక సీసాలో మూత్రం పట్టించుకున్నారు. గెలిచినవాళ్లకు ముందు చేసే మర్యాద అదే. డబ్బా ఖాళీ అయింది, ఇంకో డబ్బా కావాలి.

నీ బంగారు చెల్లె,
వందన


కోరుట్ల,
నవంబర్ 21.

నా తల్లీ,

పేపర్లో నీ ఫోటో చూసి అత్త ఆ ముక్క కత్తిరించి దేవుడి పటం పక్కన అంటించింది. బీడీలు తీసుకునే కార్ఖానాలో నేను చెప్పకముందే అందరికీ తెలిసింది. "గా నడిచె పిల్ల నీ చెల్లెనా?" అని అడిగితే, చెల్లెనే, నా చేతి తిండి తినే గెలిచింది అన్నాను. అంటే ఏమైంది, అబద్ధమా!

నీకు బలం వస్తుందని నాకు ముందే తెలుసు. ఇంకో డబ్బా పంపుతున్నాను. మునుపటి లెక్కే, పొద్దున ఒకటి, మాపున ఒకటి.

సంగీత


సిరిసిల్ల,
డిసెంబర్ 22.

అక్కా,

ఇంటికి వచ్చేశాను. నీకు అమ్మ చెప్పి ఉండదు, ఎవరికీ చెప్పొద్దని నేనే అన్నాను. ఫోన్ కూడా ఆపేశాను, అందుకే ఉత్తరం.

ఢిల్లీ నుంచి నోటీసు వచ్చింది. భోపాల్‌లో పట్టుకున్న నా సీసాలో నిషేధించిన మందు దొరికిందట. కండ పట్టడానికి వాడేదట, దాని పేరు పలకడానికి నాకు నోరు తిరగలేదు. సార్ చదివి వినిపించి కాగితం బల్ల మీద పెట్టి, "నిజం చెప్పు బిడ్డా, ఎవలిచ్చిన్రు?" అన్నాడు. పదకొండేళ్ల నుంచి నన్ను నడిపించిన మనిషి ఆ మాట అడిగాడు. నేను ఏ మందూ వేసుకోలేదు సార్, మా అమ్మ మీద ఒట్టు అన్నాను. ఆయన కళ్లు కిందికి దించుకున్నాడు. శిబిరంలో ఉండొద్దని అదే రోజు పంపించారు. రైల్వే వాళ్లు కాగితాలు ఆపేశారు.

ఆ నెలలో ఏమేం తిన్నానో, తాగానో అంతా రాసి పంపమన్నారు. అన్నం, గుడ్లు, అరటిపండ్లు, జొన్నరొట్టె అని రాశాను. నీ ముద్దలు రాయలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు నా అక్క చేతి తిండిని అనుమానంగా చదవడం నాకు ఇష్టం లేకపోయింది.

బాపు సాంచాల దగ్గరికి పోయి వస్తున్నాడు, అంతే. అక్కడ ఎవరో, "మార్కండేయులు బిడ్డ మందు గొట్టి గెలిచిందట" అన్నారట. ఆయనకు సగమే వినబడుతుంది కదా, ఆ సగం ఇదే కావాలా అక్కా!

అన్నం ముద్ద మింగుడు పడటం లేదు. నువ్వు పంపినవి డబ్బాలో ఇంకా పదకొండు ఉన్నాయి. ఇంట్లో నాకు సయించేవి అవొక్కటే. ఎవరు చేశారో నా బుర్రకు తట్టడం లేదు. నీకేమైనా తోస్తే రాయి.

వందన


కోరుట్ల,
డిసెంబర్ 29.

వందనకు,

ఉత్తరం అందింది. ధైర్యంగా ఉండు. ఇది ఎవరో గిట్టనివాళ్ల పని. రెండో స్థానంలో వచ్చింది ఎవరో ఆలోచించు. ఒకే గదిలో ఉండి, నీ నీళ్ల సీసా ముట్టగలిగిన మనిషి ఎవరో ఆలోచించు. నువ్వు అందరినీ నమ్ముతావు.

ఆ ముద్దలు తినకు. నెల దాటింది, నువ్వులు కనరు వాసన వేసి కడుపు నొప్పి వస్తుంది. ఒక్కటి కూడా ఉంచకుండా పారెయ్.

అత్తకు ఒంట్లో బాగాలేదు, అందుకే ఎక్కువ రాయలేకపోతున్నాను.

సంగీత


సిరిసిల్ల,
జనవరి 25.

అక్కా,

నువ్వు చెప్పినట్లే చేశాను. ఉత్తరం వచ్చిన పూటే ముద్దలన్నీ ఇంటి ముందు మురుగు మోరిలో పారబోశాను. "నువ్వులు తొక్కినా పాపమేనే, గట్ల మోరిల పోస్తవా?" అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

రెండో మాటా విన్నాను. శ్వేత పేరు సార్‌కు చెప్పాను. సార్ దాన్ని పిలిచి అందరి ముందు అడిగాడట. అది సంచి సర్దుకొని రుద్రంగి పోయింది. పోయే ముందు సిరిసిల్లలో బస్సు దిగి మన ఇంటికి వచ్చింది. నేను లోపలే ఉన్నాను, బయటికి రాలేదు. గడప దగ్గర నిలబడి అమ్మతో అంది, "అమ్మా, నేను గెలువాల్నంటే నడిచి గెలుస్త. ఆమె కాలు నొస్తే రోజూ నూనె రాసింది నేనే. గామెకు గుర్తుందో లేదో అడుగు" అని. గుర్తుంది అక్కా. ఆ నూనె వాసన కూడా గుర్తుంది. తలుపు వెనక నిలబడి అంతా విన్నాను.

అది చేయలేదు. దాని గొంతు విన్నాక నాకు తెలిసిపోయింది. మరి ఎవరు చేశారు?

మార్చి మొదటి వారంలో విచారణ. సార్‌కు మనసు ఒప్పక హైదరాబాద్‌లో ఒక వకీలును మాట్లాడిపెట్టాడు. మందు ఎట్లా ఒంట్లోకి పోయిందో ఆధారంతో చూపిస్తే శిక్ష కొన్ని నెలలకు తగ్గవచ్చట. చూపించలేకపోతే నాలుగేళ్లు. నాలుగేళ్లు అంటే నాకు ముప్పై దాటుతాయి. ఉద్యోగం లేక, శిబిరం లేక, మైదానంలో అడుగు పెట్టనివ్వక, ఆ తర్వాత ఏ కాళ్లతో నడుస్తాను?

పొద్దున నాలుగింటికి మెలకువ వస్తుంది, అలవాటు. లేచి కూర్చుంటాను. బూట్లు వేసుకోను. బయటికి పోతే ఎవరో ఒకరు అడుగుతారు. తెల్లారేదాకా గోడను చూస్తూ కూర్చుంటాను. బతకాలని లేదని రాస్తే నువ్వు భయపడతావు, కాబట్టి రాయను.

నువ్వు ఎందుకు రాయడం లేదు? ఈ నెలంతా నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. నువ్వు కూడా నమ్మడం లేదా?

వందన


కోరుట్ల,
ఫిబ్రవరి 8.

వందనా,

దీన్ని ఐదుసార్లు రాసి చించాను. ఒకటి బీడీ ఆకు కట్టల కింద వారం రోజులు దాచాను. ఇక మింగలేను, కక్కలేను. కక్కుతున్నాను.

నేనే చేశాను.

నువ్వు నలభై మూడు కిలోలు అని రాసిన రోజే భూమన్న దగ్గరికి పోయాను. మా చెల్లె చిక్కిపోతున్నది, కాలు నొప్పి, గోలీలంటే ముట్టదు అని చెప్పాను. అత్తకు ఇచ్చినవే ఇచ్చాడు, కండ పట్టే గోలీలు అని. కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు, పేరు లేదు, గోలీలు వచ్చే రేకు పట్టీ లేదు. "పొడి చేసి తిండిల కలుపు, పిల్లకు తెలువనే తెలువదు" అన్నాడు. రోట్లో దంచి బెల్లం పాకంలో కలిపాను. ఒక్కో ముద్దలో ఒక్కో గోలీ. అందుకే లెక్కపెట్టి చేశాను, అందుకే శ్వేతకు పెట్టొద్దన్నాను.

నువ్వు నిషేధించిన మందులు అన్నప్పుడు నేను ఏమనుకున్నానో తెలుసా? అవి గెలవడానికి వాడే పెద్ద పెద్ద మందులు అనుకున్నాను. ఇవి మా గల్లీలో ముసలివాళ్లు మింగే గోలీలు. అన్నం తినబుద్ధి అయ్యే గోలీలు. చిన్నప్పుడు నువ్వు పాలు తాగకపోతే అమ్మ చక్కెర వేసి మాయ చేసి తాగించేది, నేనూ అదే చేస్తున్నాననుకున్నాను. నిన్ను బాగు చేస్తున్నాననే అనుకున్నానే, అమ్మతోడు.

నోటీసు గురించి నువ్వు రాసిన ఉత్తరం పట్టుకొని భూమన్న దగ్గరికి ఉరికాను. ఆయన ముఖం నల్లబడింది. "నా పేరు బయటికి రాకూడదమ్మా, నా దుకాణం బందయితది, నీ చెల్లె మీద కేసయితది, నీ మీద కూడ అయితది" అన్నాడు. "మిగిలినయి ఉంటె పారెయ్యమను" అని కూడా అన్నాడు. ఇంటికి వచ్చి అట్లాగే రాశాను. శ్వేత సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు, నా సొంత బుద్ధే. అది ఒక్కసారి కూడా ఆగకుండా రాశాను. తలుచుకుంటే ఇప్పుడు నాకు నన్ను చూస్తేనే భయం వేస్తుంది.

భూమన్న ఇప్పుడు దుకాణానికి తాళం వేసి పోయాడు. ఎక్కడున్నాడో తెలియదు. మీ బావకు ఫోన్‌లో అంతా చెప్పాను. అత్త మిగిలిన గోలీలు పొయ్యిలో పడేసి అవి మానేసింది, నాతో మాట్లాడటం కూడా మానేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. అయినా ఈ ఉత్తరం తీసుకుపోయి వకీలుకు చూపించు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. ఎవరి ముందు నిలబడి చెప్పమంటే వాళ్ల ముందు చెబుతాను. నన్ను జైల్లో పెట్టినా సరే. నువ్వు మళ్లీ రోడ్డెక్కితే చాలు.

నన్ను తిట్టు. తిట్టయినా రాయి.

అక్క


సిరిసిల్ల,
మార్చి 15.

అక్కా,

నీ ఉత్తరం సమయానికే అందింది. అది ఆలస్యమైందని నువ్వు బాధపడొద్దని ముందే చెబుతున్నాను.

వకీలు దాన్ని ఇంగ్లీషులోకి మార్పించి పంపాడు. విచారణ కంప్యూటర్ తెర మీద జరిగింది, జగిత్యాలలో సార్ ఇంట్లో కూర్చున్నాను. తీర్పు చెప్పేవాళ్లు ముగ్గురు ఉన్నారు. చెడ్డవాళ్లు కాదు. అందులో ఒక పెద్దావిడ నీ ఉత్తరం మొత్తం ఓపికగా చదివింది. చదివి, ఇంటివాళ్లు రాసిన ఉత్తరాలు మాకు చాలా వస్తాయమ్మా, ఒక్క మాట మీద తీర్పు చెప్పలేము అంది. గోలీల పట్టీ ఉందా? లేదు. ఇచ్చినతను వచ్చి చెబుతాడా? దొరకడం లేదు. పోనీ ఆ తినుబండారం ఒక్కటైనా మిగిలి ఉందా, పరీక్ష చేయిస్తే మందు అందులో ఉందో లేదో తేలిపోతుంది అంది. నీ ముద్దల పేరు నేను ముందు రాసిన పట్టికలో ఎందుకు లేదని కూడా అడిగారు.

సార్ నా వైపు తిరిగి, "ఒక్కటన్న ఉన్నదా బిడ్డా? సగమన్న?" అన్నాడు.

లేవు సార్, పారేశాను అన్నాను.

"ఎందుకు పారేసినవ్?"

మా అక్క పారెయ్యమన్నది అన్నాను.

నాలుగేళ్లు. భోపాల్ పతకం శ్వేతకు పోయింది, దానికి రావాల్సిందే. ఆసియా జట్టులోకి కూడా అదే పోతుంది. రుద్రంగి పోయి దాని కాళ్ల మీద పడదామనుకొని రెండుసార్లు బస్టాండ్ దాకా పోయి వెనక్కి వచ్చాను. ఏ ముఖం పెట్టుకొని పోవాలి?

ఇప్పుడు ఇంట్లో సాంచాలకు నూలు కండెలు చుడుతున్నాను. బాపు సాంచాలకు పోతున్నాడు. ఈ ఏడాది ఆయన పని మానేస్తాడని అనుకున్నాను కదా, మానలేదు. నిన్న కూరగాయలకు పోతుంటే నా మోకాలు దానంతటదే నిటారుగా అవుతోంది, నడుము దానంతటదే తిరుగుతోంది. ఆపుదామన్నా ఆగలేదు. మామూలుగా ఎట్లా నడుస్తారో నేను మరిచిపోయాను. నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చాను.

తిట్టమన్నావు. గోలీలు కలిపినందుకు నిన్ను తిట్టలేను. నేను చిక్కిపోయానని నువ్వు ఏడ్చావు, నీకు తెలిసిందే చేశావు. అది తలుచుకుంటే కోపం రాదు, దుఃఖమే వస్తుంది. ఆ పని అమ్మ అయినా చేసేది.

కానీ డిసెంబర్‌లో నా చేతిలో పదకొండు ముద్దలు ఉన్నాయి. పదీ కాదు, పన్నెండూ కాదు, నేనే లెక్కపెట్టి నీకు రాశాను. అప్పటికి నీకు అంతా తెలుసు. అప్పుడు నువ్వు ఒక్క మాట రాసి ఉంటే, వాటిని డబ్బాతో సహా ఢిల్లీకి పంపేదాన్ని. ఈ ఎండాకాలం కాకపోతే వచ్చే ఎండాకాలానికైనా మళ్లీ నడిచేదాన్ని. మా ఆటలో జడ్జికి మేము పరాయివాళ్లం. అయినా ముందు పసుపు పలక చూపిస్తాడు.

నువ్వు రాసిన ఉత్తరాలన్నీ నా పెట్టెలో ఉన్నాయి, హాస్టల్ రోజుల నుంచి అన్నీ. గోలీల సంగతి ఒప్పుకున్నది కూడా వాటితోనే పెట్టుకున్నాను. డిసెంబర్ ఇరవై తొమ్మిదిది మాత్రం ఈ కవర్లో నీకు తిరిగి పంపుతున్నాను. అది నా దగ్గర ఉంటే మిగతావి చదవలేకపోతున్నాను. నువ్వే ఉంచుకో.

వందన